గోడ కావలి గొంతు



చలనచిత్రమును గూర్చి రేడియోలో ప్రసంగించుట యనగా, కన్నులు చూడవలసిన దానిని చెవుల కప్పగించుటయే గదా యని మీలో కొందరికి తోచవచ్చును. కాని నేడు నేను చెప్పబోవు చిత్రము చూచుటను గూర్చి కంటె వినుటను గూర్చియే యెక్కువ వ్యథపడిన చిత్రము. గోడ కావల నొక పసిబిడ్డ యేడ్చుచుండగా ఈవలి గదిలోని మనిషి యేమి చేయును అను ప్రశ్న దానికి ప్రాణము. కనుక దానిని గూర్చి మాటలాడుటకు, ఒకరి గొంతు పదిమంది ఇండ్లలో వినబడు ఈ రేడియోను మించిన చోటు లేదని నేను మనసారా నమ్ముచున్నాను.

ఆ చిత్రము పేరు 'కోడ్ ఎంకోన్యు', అనగా తెలియని సంకేతము. 'వివిధ ప్రయాణముల అసంపూర్ణ కథనము' అని దానికొక ఉపశీర్షిక కూడ కలదు. 2000 సంవత్సరమున కాన్ చిత్రోత్సవమున ప్రదర్శితమైనది. దర్శకుడు మైకేల్ హనెకె 1942లో మ్యూనిక్ నగరమున జన్మించి, ఆస్ట్రియాలో పెరిగి, వియన్నాలో తత్త్వశాస్త్రమును, మనస్తత్వశాస్త్రమును, నాటకకళను అభ్యసించి, చిరకాలము టెలివిజన్‌కు పనిచేసి, నలువది యేడేండ్ల వయస్సునగాని వెండితెరకు రానివాడు. అంతవరకు జర్మను భాషలో చిత్రములు తీసిన ఆయన ఫ్రాన్సు దేశమున తీసిన మొదటి చిత్రమిది. ప్రఖ్యాత నటి జూలియెట్ బినోష్ తానై ఆయనతో పనిచేయగోరుటయే దీనికి పునాది.

ఇక సంకేతమన నేమో చెప్పవలయును. పారిస్ నగరమున అనేక నివాసభవనముల వీధి తలుపునకు ప్రక్కగా అంకెల మీటలు గల చిన్న పలక యొకటి బిగింపబడి యుండును. సరియైన అంకెలు వరుసగా నొక్కినచో తలుపు తెరచుకొనును. ఆ అంకెలను అప్పుడప్పుడు మార్చుచుందురు. నిన్నటి వరకు లోపలివాడైన మనిషి, ఊరికి పోయివచ్చునంతలో అంకెలు మారినచో, తన యింటి ముందరనే బాటసారియై నిలువవలసినదే. ఈ చిన్న లోహపు పలకయందు ఒక మహానగరపు స్వభావమంతయు ఇమిడి యున్నదని హనెకె కనిపెట్టెను.

చిత్రము వీధిలో మొదలు కాదు, ఒక తెల్లని గోడ ముందర మొదలగును. ఒక బాలిక మన వైపు నిలిచి, మెల్లమెల్లగా వెనుకకు జరుగుచు, భుజములు ముడుచుకొనుచు, గోడ కంటుకొని నేలకు క్రుంగును. పిమ్మట బాలబాలికలు కొందరు, చెవులు వినబడనివారు, తమ చేతులతో ఆమె నడుగుదురు: ఒంటరితనమా? దాగుకొనుచోటా? దుఃఖమా? చెరసాలయా? ఒక్కొక్క ప్రశ్నకు ఆ పిల్ల తల అడ్డముగా ఊపును. ఆమె చెప్పదలచినది ఏమో ఎవ్వరికిని తెలియదు. తెర నల్లబడును. జవాబు లేకయే కథ ఆరంభమగును.

ఆ పిల్లల చేతిభాషకు ఒక చరిత్ర కలదు. చెవిటిపిల్లలకు చేతిసైగలతో విద్య నేర్పు ప్రసిద్ధమైన పాఠశాల పదునెనిమిదవ శతాబ్దమున పారిస్ నగరమునందే ఆబే ద లెపే అను మతాచార్యునిచే నెలకొల్పబడెను. కాని 1880లో మిలాన్ నగరమున సమావేశమైన బధిరవిద్యోపాధ్యాయులు సైగలను మాన్పించి పెదవులతో పలికించు పద్ధతినే పాటింపవలయునని తీర్మానించుటచే, ఆ భాష తన పుట్టినింటనే తరగతిగదుల నుండి వెలివేయబడి, ఫ్రాన్సులో 1991లో చట్టము మారువరకు విద్యలో చట్టసమ్మతమైన చోటును తిరిగి పొందలేకపోయెను. నూరేండ్లకు పైగా తమ చేతులను కట్టివేసుకొనవలసి వచ్చినవారి భాషలో ఒక నగరకథ ప్రారంభమగుట నా దృష్టికి చాల గంభీరమైన విషయము.

తరువాతి దృశ్యమును కొంత నిదానముగా చెప్పనిండు. సేన్ జెర్మేన్ అను విశాలమైన రాజవీధి. పగటివేళ. ఆన్ అను నటి, బినోష్ ధరించిన పాత్ర, తన భవనము నుండి త్వరత్వరగా బయటికి వచ్చును. ఆమె సహచరుడైన జార్జ్ యుద్ధభూముల ఛాయాచిత్రములు తీయువాడు, అప్పటికి కొసావోలో నున్నాడు. అతని తమ్ముడు జాన్, పదునాఱు పదునేడేండ్లవాడు, తండ్రి పొలము నుండి పారిపోయి వచ్చి, తలుపు అంకెలు మారుటచే లోనికి పోజాలక వీధిలో కాచుకొని యున్నాడు. ఆమె వానికి తినుటకేదో కొనిపెట్టి, క్రొత్త అంకెలు చెప్పి, తాళపుచెవులు చేతబెట్టి, తన పనికి పోవును. వాడు తినుచు వెనుకకు నడచును. కెమేరా వానితో పాటు, గీత గీసినట్లు, ఆ కాలిబాట వెంట సాగుచుండును. రొట్టెల అంగడి ప్రక్కన ఒక సందు మొదట నేలపై కూర్చుండి చేయిచాచిన స్త్రీ యొకతె యున్నది. వాడు ఆగడు, ఆమె మొగమువంక చూడనైన చూడడు, చేతిలోని కాగితపు పొట్లమును నలిపి ఆమె యొడిలో పారవైచి నడచిపోవును. చెత్తకుండీలో వేసినట్లు.

అంతియే జరిగినది. ఒక నలిగిన కాగితము. దాని బరువు ఏపాటి?

అయినను దానిని చూచిన వాడొకడున్నాడు. అమదూ యను యువకుడు, మాలీ దేశము నుండి వచ్చిన కుటుంబమువాడు, చెవిటిపిల్లలకు డోలువాద్యము నేర్పు ఉపాధ్యాయుడు, జాన్‌ను నిలువరించి, ఆమెకు క్షమాపణ చెప్పుమనును. వాడు విదిలించుకొనును. పెనుగులాట జరుగును. అంగళ్లవారు మూగుదురు, ఆన్ తిరిగి వచ్చును, పోలీసులు వత్తురు. అమదూ మర్యాదగా, పూసగ్రుచ్చినట్లు జరిగినది చెప్పును. అయినను బలవంతముగా పట్టుకొనబడువాడు అతడే. ఆ స్త్రీ, మరియా యను రుమేనియా దేశస్థురాలు, అనుమతిపత్రములు లేనిదగుటచే స్వదేశమునకు త్రోలివేయబడును. కాగితము విసరిన కుఱ్ఱవానికి కలిగిన నష్టము వీరిద్దరి నష్టముతో పోల్చిన లెక్కకు రాదు. ఇదంతయు సుమారు ఎనిమిది నిమిషములపాటు ఒక్క కత్తెరపోటైనను లేక, ఒకే దృశ్యముగా చిత్రింపబడెను. కెమేరా ఎవరి పక్షమునను మొగ్గదు, ఎవరి కన్నీటిని దగ్గరకు పోయి చూపదు. వీధిలో నిలిచిన ఇరుగుపొరుగువలె మనమును నిలిచి యుందుము.

చిత్రమంతయు ఇట్టి ఖండములే. దాదాపు ప్రతి ఖండము అఖండముగా తీయబడినది, మాట మధ్యలో తెగినది; రెండింటి నడుమ తెర క్షణకాలము నల్లబడును. మా రేడియోలో రెండు క్షణములు నిశ్శబ్దమైనచో శ్రోత పెట్టె చెడిపోయినదని లేచి వచ్చును గనుక మేము మౌనమునకు వెఱతుము. హనెకె ఆ మౌనమునే తన దారముగా వాడుకొనెను. పెక్కుమంది జీవితములు ఒకే నగరమున చిక్కువడు కథలు మనకు క్రొత్త కాదు. తెలుగులో 2010లో క్రిష్ దర్శకత్వమున వచ్చిన 'వేదం' చిత్రమున వేర్వేరు త్రోవల వచ్చిన మనుష్యులు తుదకు హైదరాబాదు నగరమున ఒక ఆసుపత్రిలో కలిసికొందురు. ఆ కలయిక వలననే మన గుండె కరగును. లాస్ ఏంజిలస్ నగరమును గూర్చిన అమెరికా చిత్రము 'క్రాష్' (2004) సైతము ముడులన్నింటిని వేసి, విప్పి, మనలను ఇంటికి పంపును. వానిని నేను తక్కువచేయను. కాని హనెకె ముడి వేయుటకు అంగీకరింపడు. ఆ వీధిలో ఒకరినొకరు రాచుకొన్నవారు మరల ఒకచోట కూడి మాటలాడుకొనరు. ఎవరి గది వారిది, ఎవరి భాష వారిది. మహానగరవాసమును సత్యముగా చెప్పినవాడు ఈయనయే యని నా యభిప్రాయము.

జాన్ తండ్రి మితభాషియైన రైతు. తన పొలము కొడుకు చేపట్టునని ఆశపడి, వాడు వెడలిపోగా, కొట్టములోని పశువులను తానే చంపును. అమదూ తండ్రి టాక్సీ నడుపువాడు. తన ఆఫ్రికాకు మరలి పోవును. ఈ రెండు కుటుంబములను గూర్చి చిత్రము చెప్పునది కొంచెమే. నేనును అంతకు మించి చెప్పను. ఏలన, నా మనస్సు నిలిచిపోయిన చోటు వేఱొకటి కలదు.

ఒక సాయంకాలము ఆన్ తన గదిలో బట్టలు ఇస్త్రీ చేసికొనుచున్నది. ఎదుట టెలివిజన్ మ్రోగుచున్నది. ఎక్కడినుండియో ఏదో ధ్వని. ఆమె టెలివిజన్ గొంతు నొక్కివేసి చెవియొగ్గును. ప్రక్కయింట నొక పసిబిడ్డ గొంతు. దెబ్బలు తినుచున్న బిడ్డ గొంతు. ఆమె కదలక నిలుచును. గ్లాసులోని ద్రాక్షసారాయమును ఒక గుక్క త్రాగును. మరల టెలివిజన్ ధ్వనిని పెంచును. ఇస్త్రీపెట్టె మరల బట్టపై సాగును.

ఆమె దుర్మార్గురాలు కాదు. ఆ దృశ్యమును చూచు మనకు ఆమెపై కోపము కూడ రాదు, అందలి ఘోరమంతయు అదే. పిమ్మట తలుపు క్రింద నుండి ఎవరో జారవిడిచిన చీటి యొకటి దొరకును. ఆ బిడ్డకు సాయపడుమని దాని సారాంశము. ఎదుటి వాటాలోని వృద్ధురాలిని అడుగును. నేను వ్రాయలేదని ఆమె తలుపు వేసికొనును. జార్జ్‌ను అడుగును, నీ ఇష్టము అనును. కొంతకాలమునకు శ్మశానమున ఒక అంత్యక్రియ. ఆన్, ఆ వృద్ధురాలు ప్రక్కప్రక్కల నడచి వత్తురు. ఒక్క మాట లేదు. బిడ్డ యెట్లు మరణించెనో చిత్రము చెప్పదు. మనకు చెప్పనక్కఱ లేదు.

ఇచట ఒక విషయము జ్ఞప్తియందుంచుకొనుడు. ఫ్రాన్సు దేశపు శిక్షాస్మృతిలోని 223-6వ నిబంధన, ఆపదలో నున్న వ్యక్తికి తనకుగాని పరులకుగాని ప్రమాదము లేకుండ సాయపడగలిగియు బుద్ధిపూర్వకముగా సాయపడని వానిని నేరస్థునిగా ఎంచును. పొరుగువాని కేక వినుట అక్కడ ధర్మమే కాదు, శాసనము కూడ. శాసనమున్న దేశమున, చదువుకొన్న యువతి, మనసున్న యువతి, టెలివిజన్ ధ్వనిని పెంచినది.

ఈ చిత్రమునందే ఇంకొక బిడ్డ కలడు. మిక్కిలి ఎత్తయిన భవనముపై ఈతకొలనులో దంపతులు క్రీడించుచుండగా వారి చిన్నవాడు పిట్టగోడపైకి ప్రాకి అంచున నిలుచును. తల్లి కెవ్వున కేకవేసి పరుగెత్తును. మన గుండె నోటికి వచ్చును. మరుక్షణమున అది యంతయు ఆన్ నటించుచున్న మఱియొక సినిమాయని తెలియును. ఆమెయు, తోడినటుడును గొంతులు కలుపు గదిలో నిలిచి, ఆ కేకను మరల మరల పలుకుచు, నవ్వాపుకొనలేక నవ్వుచుందురు. అక్కడ మాత్రమే హనెకె ముక్కలు ముక్కలుగా కత్తిరించి, అతికించి, సామాన్యచిత్రములవలె చూపెను. అబద్ధమును కత్తెరతోను, నిజమును కత్తెర లేకయు చెప్పెను. లేని బిడ్డకై మనము లేచి నిలుచున్నాము. గోడ కావలి బిడ్డ మొగమును ఒక్కమారైన చూచి యుండలేదు.

శ్రోతలారా, ఈ దృశ్యమును చూచిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. దానికి కారణము సినిమా కాదు. ఇరువది యేండ్లకు పూర్వము నేను ఒక ఊర వాటాల యింట అద్దెకుంటిని. నడుమ ఒక్క ఇటుక మందపు గోడ. ప్రక్క వాటాలో క్రొత్తగా దిగిన దంపతులు. ఒక వానకాలపు రాత్రి ఆ యింటి ఇల్లాలి ఏడుపు, పాత్ర యేదో పడిన చప్పుడు, మరల ఏడుపు. నేను మంచము మీద లేచి కూర్చుంటిని. భార్యాభర్తల నడుమ మనమేల యనుకొంటిని. అందరును అనుకొను మాటయే. అనుకొని, చేయి చాచి, తలాపున నున్న రేడియో ధ్వనిని కొంచెము పెంచితిని. పాటలు వచ్చుచున్నవి. మరునాటి యుదయమున ఆమె కొళాయి దగ్గర బిందె పట్టుచు, కొంగు మణికట్టు మీదికి లాగుకొని, నన్ను చూచి, "నిన్న రాత్రి మీ రేడియోలో పాటలు బాగా వినబడ్డాయి అన్నయ్యగారూ" అన్నది. అందులో నిష్ఠురము లేదు. నిజముగనే విన్నది. గోడకు రెండు వైపుల చెవులుండునని, నేను విన్నానని ఆమెకు తెలిసిన సంగతి నాకు తెలియుటకు ఆ ఒక్క మాట చాలినది. నెల తిరుగకమునుపే వారు ఇల్లు ఖాళీ చేసిరి. ఆమె పేరు నేను అడుగలేదు.

మెట్రో రైలు దృశ్యమును చెప్పి కొంత ముందునకు పోయెదను. రాత్రివేళ పెట్టెలో ఆన్ కూర్చుండి యుండగా అరబు యువకుడొకడు ఆమెను మాటలతో వేధించును. ఆమె లేచి పెట్టె రెండవ కొనకు పోవును. వాడును పోయి ప్రక్కన కూర్చుండి, తుదకు మొగముపై ఉమియును. నిండుగా జనము. ఎవ్వరును కదలరు. ఎదుట నున్న వృద్ధుడు, ఆయనయు అరబువాడే, లేచి ఆ యువకునికి అడ్డుపడి, అరబుభాషలో మందలించి మరల కూర్చుండును. ఆన్ 'మెర్సీ' అని ఒక్క మాట పలికి వెక్కి వెక్కి యేడ్చును. మోరీస్ బెనిషు అను నటుడు ధరించిన ఆ వృద్ధుని పాత్ర ఉండునది కొన్ని నిమిషములే. కాని గోడ నంటుకొని నిలిచిన ఇంతమందిలో, ఇస్త్రీపెట్టె నడిపిన ఆ చేతికి సాయపడిన చేయి అదియొక్కటే. తాను చేయని సాయము తనకు దొరకిన క్షణమది. ఆమె కన్నీటిలో కృతజ్ఞత యొక్కటే కాదు, ఆ బిడ్డయు ఉన్నదని నాకు తోచును.

అదే మెట్రోలో జార్జ్ తన మెడలోని కెమేరాతో, ఎదుట కూర్చున్నవారికి తెలియనీయక, వారి మొగములను చిత్రించుచుండును. తెరపై వరుసగా కనిపించు ఆ మొగములు నిజముగ పారిస్ మెట్రో ప్రయాణికులవే. లూక్ దెలాయె యను ఛాయాచిత్రకారుడు 1995 మొదలు 1997 వరకు రహస్యముగా తీసి, 'పరుడు' అను అర్థమిచ్చు పేరుతో గ్రంథముగా ప్రకటించినవి. ఒకరి వైపు ఒకరు చూడక, ఎక్కడనో చూపు నిలిపిన మనుష్యులు. వారిలో ఎవరు ఏ దేశము వారో చెప్పజాలము. అందరిదియు ఒకే అలసట.

ఇక మరియా. లుమినిత్సా గెయోర్గియు అను రుమేనియా నటి ఆ పాత్రను ధరించిన తీరు చూచితిమేని, నటన యను మాటయే నోటికి రాదు. స్వదేశమునకు మరలిన ఆమెను బంధువులు ఆప్యాయముగా ఎదుర్కొందురు. ఊరిలో ఇండ్లు లేచుచున్నవి. పరదేశపు సొమ్ముతో కట్టబడుచున్న ఇండ్లు. తాను చేయిచాచిన సంగతి ఆమె చెప్పుకొనదు. కొలదికాలమునకే మరల దొంగదారిని పారిస్ చేరును. ఆ నాళ్లలో రుమేనియావారికి వీసా లేనిదే పశ్చిమ ఐరోపాలో ప్రవేశము లేదు. ఆ నిర్బంధము తొలగినది 2002లో, ఆ దేశము ఐరోపా సమాఖ్యలో చేరినది 2007లో. గల్ఫు దేశమునకు పోయిన తల్లి పంపిన సొమ్ముతో ఇంటికి స్లాబు పడుచుండగా, అచట ఆమె యేమి పని చేయుచున్నదో పిల్లలు అడుగని ఇండ్లను కోనసీమలోను, కడప పల్లెలలోను ఎరిగిన శ్రోతలకు మరియా పరాయిది కాదు.

మరియా తోటి స్త్రీ యొకతెకు ఒక సంగతి చెప్పును. తన దేశమున నున్నప్పుడు ఒక జిప్సీ భిక్షుకికి తాను డబ్బిచ్చెనట. ఆమె మురికిచేయి తగిలినంతనే అసహ్యము పుట్టి, పరుగున పోయి చేతులు కడుగుకొనెనట. పిమ్మట ఇదే సేన్ జెర్మేన్ వీధిలో, మంచి దుస్తులు ధరించిన పెద్దమనిషి యొకడు నోటు నీయవచ్చి, చాచిన తన చేతిని చూచి, తాకుటకు రోసి, ఒడిలో పడవైచి పోయెనట. తాను పోయి దాగుకొని దినమంతయు ఏడ్చెనట. ఇది చెప్పుచు మరియా ఏడ్చును. ఆ రెండవ చేయి తనదని గుర్తించినప్పుడు మొదటి చేయి ఎవరిదో ఆమెకు తెలిసినది. నలిగిన కాగితము ఎవరి యొడి నుండి ఎవరి యొడిలోనికి వచ్చినదో! ఇంతకంటె గొప్ప దృశ్యమును నేను చలనచిత్రములలో అరుదుగా చూచితిని.

చిత్రాంతమున అమదూ శిష్యులు, చెవులు వినబడని ఆ పిల్లలు, ఆరుబయట వరుసలు తీరి డోళ్లు వాయింతురు. వారు దానిని చర్మముతోను, ఎముకలతోను, పాదముల క్రింద నేల అదురుటచేతను ఎరుగుదురు. దృశ్యము మారినను ఆ మ్రోత ఆగదు. మరియా తన పాతచోటికి రాగా అక్కడ వేఱొకరు కూర్చుండి యుందురు. మఱియొకచోట కూర్చుండబోగా మనుష్యులు వచ్చి లేపివేయుదురు. ఆన్ మెట్రో దిగి, ఇంటికి వచ్చి, అంకెలు నొక్కి లోనికి పోవును. వెనుక జార్జ్ వచ్చి, తనకు తెలిసిన అంకెలు నొక్కును. తలుపు తెరచుకొనదు. మరల నొక్కును. వెనుకకు జరిగి, మేడపైని కిటికీ వంక చూచి, వీధిలో నిలిచిపోవును.

అప్పుడు డోళ్లు ఆగును. ఒక చిన్న బాలుడు మన కెదురుగ నిలిచి, చేతులతో ఏదో సుదీర్ఘముగా, ఉత్సాహముగా చెప్పును. అనువాదము లేదు. వాని కన్నులు మనమీదనే యున్నవి.